గడియారం తీసి చూపించమ్మా

మా ఇంటి ఎదుట మందుల కొట్టు, దాని మీద చర్మాల డాక్టరుగారి క్లినిక్. ఇనప మెట్లు ఎక్కి వెళ్లాలి. ఎవరు ఎక్కుతున్నారో, దిగేటప్పుడు మొహం ఎలా పెట్టుకున్నారో మా వసారాలోంచి చక్కగా కనిపిస్తుంది. లోపల ఏం చేస్తారో మాత్రం తెలియదు. అది తెలియక నాకు తిన్నది వంటబట్టలేదు. చివరికి మెడ మీద ముప్పై ఏళ్లుగా నాతో కాపురం చేస్తున్న పులిపిరిని సాకుగా పెట్టుకుని ఒకరోజు ఎక్కేశాను. పులిపిరిని డాక్టరుగారు నిమిషంలో తీసేశారు. నేను గంటన్నర కూర్చున్నాను.

లేజర్ గదిలో ఉన్నది మా వీధి ఇస్త్రీ అమ్మాయే. ఇప్పుడందరూ లేజరక్క అంటారు. నన్ను పిన్నీ అని పిలుస్తుంది కాబట్టి గదిలో మూలన స్టూలు వేయించుకునే హక్కు నాకు దక్కింది. ఒక మంచం, బీరువా అంత మిషను, దానికి తొండంలాంటి చెయ్యి, చల్లగాలి ఊదే గొట్టం, మేకుకు వేలాడే నల్ల కళ్లజోళ్లు. అంతే గది. మచ్చ మీద తిమ్మిరెక్కే మందు పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ముప్పావుగంట కూర్చోబెడుతుంది. తరవాత తొండం ఆనిస్తే టిక్ టిక్ మని చుక్కలు పడతాయి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

"మచ్చ పూర్తిగా పోతుందా?" అని అందరూ అడిగేదే.

"పోదండీ," అంటుంది మొహమాటం లేకుండా. "గట్టు అణుగుతుంది, రంగు చుట్టూ ఉన్న చర్మంలో కలుస్తుంది. ఎదుటివాళ్లు ముందు మీ కళ్లు చూస్తారు, తరవాతే మచ్చ చూస్తారు. అంతవరకే నా చేతిలో ఉంది."

ఆ మాట విని లేచి వెళ్లిపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి ఆ మంచం మీదే పడుకోవడం కూడా చూశాను.

ఆమె ఈ పనిలోకి వచ్చిన దారి వేరు. వీధి మొత్తానికి దుప్పట్లు, చొక్కాలు ఇస్త్రీ చేసే రోజుల్లో మూడేళ్ల కూతురు తీగ పట్టుకు లాగింది. కాలుతున్న ఇస్త్రీపెట్టె బల్ల మీంచి జారి పిల్ల కుడి బుగ్గకు తగిలింది. పెట్టె మొన ఎలా ఉంటుందో అలాగే పడింది మచ్చ. ఆ రోజుతో ఇస్త్రీ మానేసింది. పిల్లను డాక్టరుగారికి చూపిస్తే, కాస్త పెద్దయ్యాక చూద్దామన్నారు. "అప్పటిదాకా ఇక్కడే ఊడుస్తానండీ" అని చీపురు పట్టుకుంది. నాలుగేళ్లు ఊడ్చింది. తువ్వాళ్లు మడతపెట్టింది. మిషను మీది అక్షరాలు నోటుబుక్కులో దిద్దుకుని నేర్చుకుంది. ఆ పట్టుదల చూసి డాక్టరుగారే పక్కన నిలబడి తొండం పట్టుకోవడం నేర్పారు. ఇప్పటికీ మిషను ఎంత ఘాటుగా కొట్టాలో ఆ అంకె ఆయన రాయాలి, చెయ్యి ఈమెది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా మచ్చ చూడదు. "గడియారం తీసి చూపించమ్మా," అంటుంది. పట్టీ కింది చర్మం తెల్లగా, పక్కది నల్లగా ఉంటే ఆ మనిషి ఎండలో తిరిగినట్టే. ఎండ తిన్న చర్మం మీద లేజర్ పడితే మచ్చ తగ్గకపోగా నల్లగా మాడుతుంది. కొత్తలో ఇళ్ల కప్పులు వేసే మేస్త్రీ ఒకాయన నీడపట్టునే ఉంటున్నానన్నాడు, నమ్మింది. నుదురు బొగ్గయింది. అది విడవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నెలనెలా ఆయన ఎదుట తలొంచుకు కూర్చుంది. అప్పటినుంచి నోటిని నమ్మదు, మణికట్టును నమ్ముతుంది.

కూతురికి తన చేత్తోనే అయిదు సార్లు చేసింది. మచ్చ అంచులు కరిగాయి, మొన మాత్రం మిగిలింది. ఈలోగా పిల్ల పెద్దదైంది. ఆరోసారి ఉందనగా బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికై శిక్షణలో చేరింది. పొద్దస్తమానం ఎండలో, పెద్ద మైదానంలో బస్సు తిప్పడం. మచ్చ ఉన్నదీ కిటికీ వైపు బుగ్గే.

ఒక సాయంత్రం పిల్ల మా వసారాలో కూర్చుని వాపోయింది. "అమ్మమ్మా, శిక్షణ అవగానే ఫోటో తీస్తారు. డ్రైవరు సీటు వెనక అద్దాల చట్రంలో పెడతారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అదే ఫోటో. బళ్లో ముప్పైమంది ఇస్త్రీ బుగ్గ అన్నారు. బస్సులో ఎంతమంది ఎక్కుతారో నువ్వే చూసుకో. ఫోటోకి ముందే ఆరోసారి అయిపోవాలి. అమ్మేమో గడియారం తియ్యమంటుంది."

నా నోరు ఊరుకుంటుందా? "అయితే గడియారం ఇప్పట్నించే తీసేసి తిరగవే. అంతా ఒకే రంగు అవుతుంది," అన్నాను.

పిల్ల కళ్లు మెరిశాయి. మూడు వారాలు గడియారం ముట్టలేదు. ఫోటోకి ఇంకో మూడు వారాలున్నాయనగా నన్ను తోడు తీసుకుని మెట్లెక్కింది.

"గడియారం ఏది?" అంది తల్లి.

"పాడైంది. ఇదిగో చెయ్యి, చూసుకో. అంతా ఒకటే రంగు."

లేజరక్క చేతిని చూసింది, నన్ను చూసింది. కింద కూర్చుని పిల్ల కాలి చెప్పు లాగేసింది. పాదం మీద చెప్పు పట్టీల జాడ కత్తెరగుర్తులా తెల్లగా కనిపించింది.

"పిన్నీ, ఈ తెలివి దీనిది కాదు."

నేను గోడ మీది కళ్లజోళ్లను లెక్కపెట్టే పనిలో పడ్డాను.

"రెండు నెలలు ఆగాలి. ఇవాళ చెయ్యను," అంది తల్లి.

"ఆ రోజు ఇస్త్రీపెట్టె చూసుకోలేదు గానీ, ఇవాళ చెప్పు పట్టీ బాగా చూస్తున్నావు!" అనేసి పిల్ల దబదబా మెట్లు దిగిపోయింది.

లేజరక్క ఏడుస్తుందేమోనని చూశాను. లేచి తలుపు గడియ పెట్టింది. "కళ్లజోడు పెట్టుకోండి పిన్నీ," అని తనూ పెట్టుకుంది. రోజూ ఎండన పడి నడిచొస్తుంది కదా, ముంజేయి పైభాగం నల్లబడి ఉంది. అక్కడ తొండం ఒక్కసారి ఆనించింది. చెయ్యి తిప్పి లోపలి తెల్లటి వైపు, అదే అంకెతో, ఇంకోసారి.

"నీకేమైనా మతిపోయిందా?"

"మాటలతో చెప్తే వినదు పిన్నీ. ఆ వయసులో నేనూ వినలేదు."

మర్నాడు తనే వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. ఆయన మండిపడ్డారు. వారం రోజులు మిషను ముట్టొద్దని తువ్వాళ్ల పనికి పంపారు. నోరెత్తకుండా మడతపెట్టింది. తప్పు తప్పేనంది.

పది రోజులు తల్లీకూతుళ్లకు మాటల్లేవు. పదకొండో రోజు నేను గిన్నె తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. గిన్నె నాదే, అయినా వెళ్లాను. తల్లి సామాను తోముతోంది. చేతుల సబ్బు నీళ్లతో కడగగానే పిల్ల చూపు ముంజేతి మీద పడింది. కాఫీరంగు చదరం, ముద్ర కొట్టినట్టు. పట్టుకుని తిప్పింది. లోపలి వైపు లేత ఎరుపు తప్ప ఏమీ లేదు.

"ఇదెప్పుడు?"

"నువ్వు దిగిపోయిన రోజే."

"ఇది నా బుగ్గ మీద పడేదా?"

"పడేదే. ఫోటోలో కూడా పడేది."

పిల్ల చెయ్యి వదల్లేదు. "ఆ ఇస్త్రీపెట్టె మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అంది.

"అన్నావుగా. నేను రోజూ అనుకునేదేలే. నువ్వూ ఒకసారి అన్నావు. ఆ గ్లాసులు తుడువు."

ఫోటో రోజు నేనూ వెళ్లాను. నేను వెళ్లనిదెక్కడికని! ఫోటో తీసే ఆయన కంప్యూటర్లో బుగ్గను చూపించి, "ఇది చెరిపేస్తానమ్మా, చిటికెలో పని," అన్నాడు.

"వద్దండీ," అంది పిల్ల. "చిటికెలో అవదది. మా అమ్మ అయిదు సార్లు చేస్తే ఇంతయింది. ఉన్నదున్నట్టు ఉంచండి."

ఆ తరవాత పిల్ల ఎండమందు పూసుకోకుండా గడప దాటలేదు. బస్సు కిటికీకి నల్ల తెర కుట్టించుకుంది. మూడు నెలలకు పాదాల మీది కత్తెరగుర్తులు పోయాయి. తల్లి గడియారం చూసింది, చెప్పులు విప్పించి చూసింది, చెవి కమ్మ తీయించి కూడా చూసింది. అప్పుడుగానీ ఆరోసారి చేయలేదు.

మొన్న నేనూ లేజరక్కా ఆ బస్సెక్కాం. టిక్కెట్లు తనిఖీ చేసే ఆయన ఒకసారి ఫోటో వైపు, ఒకసారి పిల్ల మొహం వైపు చూసి, "ఏమ్మా, ఈ ఫోటోలో మచ్చ ఇంత కనిపిస్తోంది. ఇది నువ్వేనా?" అన్నాడు.

"నేనేనండీ. ఫోటో తరవాత ఇంకోసారి పని జరిగింది. చేసినావిడ మూడో సీట్లో కూర్చుంది, కావాలంటే అడగండి."

ఆయన వెనక్కి తిరిగాడు. లేజరక్క సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె ముంజేతి మీద ఆ కాఫీరంగు చదరం ఇంకా పూర్తిగా విడవలేదు. దిగేటప్పుడు మాత్రం డ్రైవరు సీటు దగ్గర ఆగింది.

"గడియారం తీసి చూపించు."

"అమ్మా, వెనక జనం ఉన్నారు!"

"ఉండనీ. తియ్యి."

పిల్ల నవ్వుతూ పట్టీ విప్పి మణికట్టు చాపింది. ఈమె కళ్లు దగ్గరగా పెట్టి చూసి, తల ఊపి, అప్పుడు దిగింది.