రెక్కల కింది గుర్తులు

పంటి డాక్టరు దగ్గర వెనకగదిలో కూర్చుని కట్టుడుపళ్ళు తయారుచేయడం అతని పని. అందరూ పళ్ళ మేస్త్రి అనేవారు. వీధిలో సగంమంది నవ్వు అతని చేతి చలవేనని వేళాకోళమాడేవారు. ఇంటికొస్తే మాత్రం మేస్త్రికి విమానాల పిచ్చి. నలభై యాభై ఏళ్ళ కిందట అమ్మిన బొమ్మ విమానాల ప్లాస్టిక్ కిట్లు, అంటే అతికించుకునే విడిభాగాల పెట్టెలు, అందులోనూ యుద్ధకాలపు ఫైటర్ విమానాలవి, ఎక్కడెక్కడో వెతికి తెచ్చేవాడు. వంగిన రెక్కను వేడినీళ్ళలో ముంచి తిన్నగా చేసేవాడు. ఏ దేశపు విమానమో తెలిపే గుర్తుల స్టిక్కర్లు పసుపెక్కితే, వాటిని కిటికీ అద్దానికి అంటించి, వారాల తరబడి ఎండలో ఉంచి తెల్లబరిచేవాడు. ఉతికిన బట్టలకు దొరకని ఎండ వీటికి దొరుకుతోందని భార్య సణిగేది.

అత్తగారు ఆ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. కళ్ళలో పొరలు ముదిరి, మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకునేది. అల్లుడు గదిలో కూర్చుని ఏవో బొమ్మలు చేసుకుంటాడని మాత్రం తెలుసు. ఆ ఏడాది రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. కట్లు విప్పింది మొదలు ఇల్లంతా తనిఖీ చేయసాగింది. మూలల్లో బూజు, కూతురి తలలో తెల్లవెంట్రుకలు, ఏదీ ఆమె కంటినుంచి తప్పించుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున్న మేస్త్రి కొత్తగా పూర్తిచేసిన విమానాన్ని, రంగు ఆరడానికి, దారంతో పైకప్పు కొక్కేనికి వేలాడదీశాడు. అత్తగారు గడప దాటి లోపలికొచ్చింది. తలెత్తి చూసింది.

మరుక్షణం నేల మీద ఉంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు వంగవని కుర్చీలో కూర్చుని స్నానం చేసే మనిషి, బల్ల కిందికి పాకిపోయి రెండు చేతులతో చెవులు మూసుకుంది. నోరు బార్లా తెరిచింది. అరుపు లేదు, ఏడుపు లేదు. ఉత్త నోరు.

మేస్త్రి పక్షవాతమేమో అనుకున్నాడు. భార్య పరిగెత్తుకొచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. కాసేపటికి ముసలావిడే మాట్లాడింది. బాంబులు పడేటప్పుడు నోరు తెరిచి ఉంచకపోతే చెవులు పగిలిపోతాయని చిన్నప్పుడు బళ్ళో నేర్పారట. బయటికి రమ్మంటే రాలేదు. చేసేదిలేక కూతురూ అల్లుడూ నేల మీదే చతికిలబడ్డారు.

"అది మా డాబా మీదికి వచ్చింది. అక్కా నేనూ దుప్పట్లు ఆరేస్తున్నాం," అంది ముసలావిడ.

"అక్కేమిటమ్మా? నువ్వొక్కదానివే కదా?" అంది కూతురు.

"నీకు పెద్దమ్మ. తొమ్మిదేళ్ళది."

తనకో పెద్దమ్మ ఉండేదని మేస్త్రి భార్యకు యాభై నాలుగో ఏట తెలిసింది. తల్లి భుజం మీది చెయ్యి అలాగే ఉంచేసింది.

మిగతాది ముసలావిడ ఆగి ఆగి చెప్పింది. చప్పుడు వినగానే అక్క మెట్లవైపు పరిగెత్తబోయింది. ఏడేళ్ళ చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. వచ్చేది మన విమానమో శత్రువులదో చెప్పడం ఆ రోజుల్లో పిల్లలకు ఆట. చెల్లెలు అందులో దిట్ట.

"మనదేనని చెప్పింది నేను. మనదే, చెయ్యూపమన్నాను. ఊపింది."

ఈ సంగతి ఆమె కన్నతల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఇప్పుడు అల్లుడికేసి చూసి, మెల్లగా అడిగింది.

"రెక్కల కింద గుర్తులు అంత కొట్టొచ్చినట్టు ఉన్నాయి కదా బాబూ. మరి నేనెలా పోల్చుకోలేకపోయాను?"

మేస్త్రి తలెత్తి విమానాన్ని చూశాడు. ఆ గుర్తులు అంటించింది తనే. వంకర పోకుండా ఊపిరి బిగబట్టి మరీ అంటించాడు. ఆ విమానం రెక్క పొడవెంతో, తుపాకులెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. దాని కింద మనుషులుంటారన్న ఆలోచన ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ రాలేదు. మర్నాడు పనిలో కుడివైపు కోరపన్ను తీసుకెళ్ళి ఎడమవైపు పెట్టాడు. డాక్టరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఆ వారమంతా ఆ విమానాల యుద్ధకాలపు ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాడు. కిట్ పెట్టె మీది బొమ్మలో విమానం కడుపు కడిగిన గిన్నెలా ఉంది. ఫొటోల్లో అలా లేదు. ఇంజను నుంచి కారిన నూనె, పొగమసి, బురద కలిసి కింద అంతా నల్లగా మెత్తినట్టుంది. మేస్త్రి సన్నకుంచెతో నల్లరంగు, మట్టిరంగు కలిపి, ముక్కు నుంచి తోకదాకా చారలు చారలుగా పూశాడు.

మళ్ళీ ఆదివారం పొద్దున్న అత్తగారిని అడిగాడు, ఒక్కసారి చూస్తారా, వద్దంటే ఇప్పుడే అవతల పారేస్తానని. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని డాబా మీదికొచ్చింది. అతను స్టూలెక్కి విమానాన్ని ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు.

"గుర్తులు కనబడుతున్నాయా అత్తయ్యా?"

కొత్త కళ్ళు చికిలించి చూసింది.

"లేదు. నల్లగా ఉంది, అంతే."

"యుద్ధంలో పెద్ద పెద్ద సైనికులే పోల్చుకోలేక సొంత విమానాల్ని కాల్చుకున్నారు. మీకు ఏడేళ్ళు."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పమంది. తిప్పాడు. మళ్ళీ తిప్పమంది. భుజం లాగేస్తున్నా చెయ్యి దించలేదు.

పెద్దమ్మ పేరేమిటని భార్య మెల్లగా అడిగింది. ముసలావిడ చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు తన గొంతులోనే వినబడేసరికి, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.