పేరులేని పైపు తుపాకీ మీద మా దావా

మా మున్సిపాలిటీ తరఫున నేను వాదించిన కేసుల్లో నెగ్గినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఒక చెయ్యి చాలు. అందుకే కమిషనరుగారు పైపు తుపాకీల ఫైలు నాకిస్తూ, "ఇది కూడా పోతే ఇంకో లాయర్ని చూసుకుంటామండీ" అన్నారు, ఎంతో మర్యాదగా. అలా మర్యాదగా చెబితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

పైపు తుపాకీ అంటే మరేం లేదు. మొక్కజొన్న చేల మీద పడే కోతుల్ని బెదరగొట్టడానికి నాలుగు ప్లాస్టిక్ పైపు ముక్కలు, ఒక గ్యాస్ లైటరు, చిటికెడు పేలుడు మందు. గుండుండదు, ఉత్త మోతే. పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక బోరు మేస్త్రీ ఆ ముక్కల్ని సంచిలో వేసి మా బజార్లో అమ్మేవాడు. ఎవరిళ్ళల్లో వాళ్ళు బిగించుకోవాలి. దాని మీద చేసినవాడి పేరుండదు, నంబరుండదు. చేలల్లో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది, తరవాత ఊళ్ళో డాబాలెక్కింది. ఆ మోతకి ఒక రిటైర్డ్ మాస్టారి కట్టుడు పళ్ళు టీ గ్లాసులో పడ్డాయి. పేల్చిందెవరని అడిగితే వీధివీధంతా నోరు మెదపలేదు.

పేరూ నంబరూ లేకుండా అమ్మకూడదని దావా వేశాం. మేస్త్రీ లాయరైనా లేకుండా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనమ్మింది పైపులేనయ్యా. కూర మాడ్చినోళ్ళని వదిలేసి వంకాయలమ్మినోణ్ణి పట్టుకుంటే ఎట్టా?"

జడ్జిగారు నవ్వారు. మేం కోర్టులో పెట్టిన తుపాకీ ఈ మేస్త్రీ తయారీయేనని చెప్పే సాక్షి నాకు ఒక్కడూ లేడు.

"అసలిది పేలుతుందా?" అన్నారు జడ్జిగారు. అందరం కోర్టు ఆవరణలోకి వచ్చాం. నేనే పట్టుకుని నొక్కాను. టిక్కుమంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ టిక్కే. జనం పడీపడీ నవ్వారు. బెంచి గుమాస్తా పెదవి విరిచి, "వట్టి నాసిరకం సరుకు సార్" అన్నాడు.

అంతే, మేస్త్రీ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏందీ, నాసిరకమా? ఇది నా చేతి పనండీ! ప్రతి ముక్కా నేనే కోసి, నేనే అరగదీసి, పేల్చి చూసిందాకా సంచిలో వెయ్యను. పట్టుకోవడం చేతగాక పనిని అంటారా?" అంటూ నా చేతిలోంచి లాక్కుని ఆకాశంలోకి ఎక్కుపెట్టాడు.

ఢామ్మని మోగింది. గుమాస్తా అక్కడున్న టైపిస్టు బల్ల కిందికి దూరాడు. కానిస్టేబుల్ టోపీ ఊడి పడింది. పావురాలన్నీ లేచిపోయాయి.

"నా చేతి పని అన్నాడు, రాసుకోండి" అన్నారు జడ్జిగారు, చెవి రుద్దుకుంటూ.

నెగ్గాను. కానీ నేను చేసిందేముంది? నోరు మూసుకుని నిలబడి ఉంటే మేస్త్రీయే నెగ్గేవాడు. ఓడిపోయానని తెలిసి కూడా మేస్త్రీ నా దగ్గరకొచ్చి, పసివాడిలా ఆశగా అడిగాడు.

"లాయరుగారూ, బాగా పేలింది గదండీ?"

ఇన్నేళ్ళలో నా వాదన గురించి నేనెవర్నీ అలా అడగలేదు. సిగ్గేసింది.

"బ్రహ్మాండంగా పేలిందండీ" అన్నాను.