మొదటి ప్రశ్న తాతబాబుది

మా తాతబాబుకి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం పొడుం పీల్చే అలవాటైనా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఎవరైనా నలుగురి ముందు నిలబడి మాట్లాడి, చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారంటే చాలు, ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచిపోతుంది. ఆయన అడిగేది వినగానే సభ సభంతా నవ్వుతుంది. పక్కన కూర్చున్న నాలాంటివాళ్ళు కుర్చీ కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కుంటారు.

గోపాలపట్నం మార్కెట్ దగ్గర ఆయనకి ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు డిజైన్ చేసే షాపు ఉంది. నేను ఓ కంపెనీలో సెల్‌ఫోన్ యాప్‌లకి బొమ్మలూ బటన్లూ గీస్తుంటాను. మాకు చుట్టరికం లేదు, అయినా ఆయనకి నేను బావని, నాకు ఆయన బావ. మమ్మల్ని కలిపింది ఇద్దరం వాడే ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్. దాన్ని నమ్ముకుని బతికేవాళ్ళం విశాఖలో చాలామందిమే ఉన్నాం. నెలకోసారి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద కలుస్తాం. ఎవరో ఒకరు మాట్లాడతారు, తాతబాబు చెయ్యెత్తుతాడు, మేం తలలు దించుకుంటాం.

ఒక్క మా సంఘంలోనే అయితే సరిపెట్టుకోవచ్చు. ఒకసారి తాతబాబు వాళ్ళ కాలనీలో బ్యాంకు మోసాల మీద అవగాహన సభ పెట్టారు. మేనేజరు పాపం చెమటలు కక్కుతూ, ఓటీపీ కన్నతండ్రి అడిగినా చెప్పొద్దని గంటసేపు బోధించాడు. చెయ్యి లేచింది.

"నాన్నకి సెప్పొద్దన్నారు, బాగుందండి. మరి మా ఆవిడ అడిగితే ఏటి సెయ్యాల?"

మేనేజరు మంచినీళ్ళ సీసా అందుకున్నాడు. ఆయనకీ పెళ్ళయింది మరి.

ఇంకోసారి కొత్తరకం కుక్కరు అమ్మడానికి వచ్చిన అమ్మాయి వీధి మధ్యలో పప్పు ఉడికించి చూపించింది. ఆడవాళ్ళంతా గుండ్రంగా నిలబడ్డారు. అడిగింది మాత్రం తాతబాబే.

"విజిలు రాపోతే మనం ఎయ్యొచ్చా అమ్మా?"

వాళ్ళావిడ నూకాలు ఆ రోజు తల మీద కొంగు లాక్కుని వెనక్కి తిరక్కుండా ఇంటికి వెళ్ళిపోయింది. అయితే ఆ నవ్వులు తగ్గాక మిగతా ఆడవాళ్ళు ఆ అమ్మాయిని రబ్బరు గురించీ, గ్యారంటీ గురించీ ఊపిరాడనివ్వకుండా అడిగారని తర్వాత తెలిసింది. అప్పట్లో అది నాకు పట్టలేదు.

ఇక అసలు సంగతి. మేం వాడే ఆ సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసే కంపెనీ ఏటా ఒక పెద్ద సదస్సు పెడుతుంది. ఎక్కడెక్కడి డిజైనర్లో వస్తారు. కొత్త టూల్స్ అక్కడే బయటపెడతారు. వెళ్ళలేని మాబోటివాళ్ళకి వీడియోలే గతి. తాతబాబు ఆ వీడియోల్ని షాపులో పెద్ద టీవీలో పెట్టుకుని, చేస్తున్న పని ఆపేసి చూసేవాడు. పక్కింటి సింహాద్రి కూతురి ఓణీల ఫంక్షన్ బేనరు కోసం వచ్చి నిలబడ్డాడు ఒకసారి.

"నా బేనరేదీ?"

"ఆగెహె, కొత్త బ్రష్షు సూపెడతన్నారు."

"ఫంక్షను రేపే బావా!"

"ఆ బ్రష్షుతోనే నీ కూతురికి పువ్వులెడతాను, కూకో."

సింహాద్రి కూర్చున్నాడు. సగం వీడియో అయ్యేసరికి తనే టీ తెప్పించాడు.

ఒకసారి సదస్సు లైవ్‌లో వస్తోంది. ఎవరో తెల్లాయన రంగుల పొరల గురించి చెప్పి, చాట్‌లో ప్రశ్నలు రాయమన్నాడు. చాట్ ఖాళీగా ఉంది. చూస్తుండగా ఒక ప్రశ్న వచ్చి పడింది. "సార్, మీ వెనకాల కుండీలో ఉన్న మొక్క ఏమిటి?" అడిగినవారు: తాతబాబు, వైజాగ్. ఆయన వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వి, అది ప్లాస్టిక్ మొక్కనీ, నిజందాన్ని తనే చంపేశాననీ ఒప్పుకున్నాడు. ప్రపంచం నలుమూలలా మా ఊరి పేరు అలా వెళ్ళింది.

ఈ ఏడు ఆ సదస్సు మా ఊరికే వచ్చింది. రెండు రోజులు. బీచ్ రోడ్డులో పెద్ద హాలు. మా సంఘానికి పెద్ద గుణశేఖర్ గారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. తిన్నగా నన్ను వెంటబెట్టుకుని గోపాలపట్నం వచ్చాడు.

"తాతబాబు గారూ, మీరు తప్పకుండా రావాలి. కానీ ప్రశ్నలు అడగకూడదు."

"అదేటండి! ప్రశ్నలున్నాయా అని వోళ్ళే అడుగుతారు కదా?"

"అడుగుతారు. మనం లేవంటాం. కంపెనీ పెద్దలంతా వస్తున్నారు. విశాఖ పరువు. ఒట్టెయ్యండి."

తాతబాబు అటూ ఇటూ చూసి, టీ గ్లాసులు తెచ్చిన నూకాలు నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నా నెత్తే దొరికిందేటి నీకు?" అంది నూకాలు. "గ్లాసులొలుకుతాయి, బేగా ఎయ్యి."

సదస్సులో తాతబాబు పక్కన కూర్చుని, చెయ్యి లేస్తే పట్టుకునే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి రోజు పొద్దున్న పెద్ద హాల్లో కంపెనీ పెద్దాయన మాట్లాడాడు. ప్రశ్నలంటూనే హాలంతా చేతుల అడివైపోయింది. నేను తాతబాబు మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. అది చల్లగా, కదలకుండా ఉంది.

"ఒదిలీ బావా. ఇక్కడ నాతో పనేటుంది? ఇంతమంది ఎత్తీసినారు కదా."

నాకు ఆశ్చర్యం వేసింది గానీ, ఒట్టు పనిచేస్తోందనుకున్నాను.

భోజనాలయ్యాక చిన్న హాల్లో మా అనూరాధ ఉపన్యాసం. జాలరిపేట పిల్ల. వాళ్ళ నాన్న ఎల్లారావు ఇప్పటికీ బోటు మీద వేటకి వెళ్తాడు. తుఫాను కబుర్లు చేపలవాళ్ళకి తెలుగులో చెప్పే యాప్‌కి ఆ పిల్ల డిజైన్ చేస్తోంది. చిక్కల్లా ఒక్కటే. సాఫ్ట్‌వేరు అక్షరం ఎత్తుని ఇంగ్లీషు లెక్కలో కొలుస్తుంది. తెలుగు ఒత్తులు కిందకి దిగుతాయి కాబట్టి బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. "వేటకి వెళ్ళొద్దు" అని ఎర్రగా రాస్తే తెర మీద "వేటకి వెళొదు" అని పడుతుంది. గాలివానలో దాన్ని చూసి ఎవరికేం అర్థమవుతుంది? ఆ లోపం సరిచెయ్యగలిగే కంపెనీవాళ్ళు ఆ రోజు ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్ళ పెద్ద ఢిల్లీ నుంచి వచ్చిన ఒకావిడ. మళ్ళీ ఇలాంటి అవకాశం ఎప్పుడు దొరుకుతుందో.

పిల్ల భయపడిపోయింది. ఇంగ్లీషులో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, రైలు తప్పిపోతున్నట్టు చదివేసింది. సగం టైముకే మొత్తం అయిపోయింది. మైకు పట్టుకున్న గుణశేఖర్ గారు అడిగాడు, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. బిర్యానీ తిన్న హాలు అది. నా మనసులో ఒక ప్రశ్న ఉంది, కానీ నా ఇంగ్లీషు నాకు తెలుసు. అటుపక్క ఒక కుర్రాడు చెయ్యి సగం ఎత్తి, దాంతోనే తల గోక్కున్నాడు. ఢిల్లీ ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. వేదిక మీద అనూరాధ నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు మాత్రం నేలకి దిగిపోయాయి.

ఎందుకైనా మంచిదని మళ్ళీ పట్టుకున్న తాతబాబు మణికట్టు నా చేతిలో కొట్టుకోవడం మొదలైంది.

"బావా, ఒట్టు," అన్నాను గుసగుసగా.

"నూకాలు గట్టి మనిషేలే," అని చెయ్యి విదిలించుకుని లేచాడు. "అమ్మా అనూరాధా! నాకో డౌటు. వానొస్తే ఆ సెల్లు తడిసిపోదా?"

హాలు గొల్లుమంది. ముందు వరసవాళ్ళు ఏమన్నాడు, ఏమన్నాడు అంటున్నారు. ఆ మాటని కంపెనీ పెద్దలకి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సిన రాత గుణశేఖర్ గారికే పట్టింది. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన రంగు మా సాఫ్ట్‌వేర్‌లో కూడా లేదు.

అనూరాధ మాత్రం ఫక్కున నవ్వేసింది. నవ్వాక ఊపిరి పీల్చుకుంది. ఇంగ్లీషు వదిలేసి సొంత మాటలోకి వచ్చేసింది.

"తడుస్తాది బాబాయ్! అందుకే మా నాన్న ప్లాస్టిక్ కవర్లో ఎట్టి మూతికి రబ్బరు బేండు సుట్టేస్తాడు. ఆ కవర్లోంచి సూస్తే ఉన్న అచ్చరాలే కనపడవు. ఒత్తు కూడా తెగితే ఇంకేటి కనపడతాది? మొన్న తుఫానప్పుడు వెళ్ళొద్దన్న మాట మా నాన్న సదవలేకపోయాడు. సరేలెమ్మని బోటు తోసీబోతంటే మాయమ్మ పరిగెట్టుకెళ్ళి సొక్కా పట్టుకుని లాగింది."

తన ఫోన్లోంచి తండ్రి సెల్లు ఫొటో తీసి తెర మీద పెట్టింది. చెమ్మ పట్టిన కవరు, లోపల ఎర్ర బటను, మొండి అక్షరాలు. గుణశేఖర్ గారు ఈసారి నసక్కుండా, మాట మాటా ఇంగ్లీషులో చెప్పాడు. ఢిల్లీ ఆవిడ సంచీ కింద పెట్టింది.

అప్పుడు లేచాయి చేతులు. తల గోక్కున్న కుర్రాడు ఒరియా అక్షరాల గోడు చెప్పుకున్నాడు. ఎవరో కన్నడం ఒత్తుల గురించి అడిగారు. నేనూ లేచి నాకొచ్చిన ఇంగ్లీషులోనే అడిగాను, ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వీల్లేనంత పెద్ద నవ్వు అప్పటికే అయిపోయింది. చివరికి ఢిల్లీ ఆవిడ తన లాప్‌టాప్ పట్టుకుని వేదిక మెట్ల మీదే అనూరాధ పక్కన చతికిలబడింది. కొన్ని నెలలకి వచ్చిన కొత్త వెర్షన్‌లో ఒత్తులు తెగడం మానేశాయి.

ఆ సాయంత్రమే బయట బజ్జీల బండి దగ్గర తాతబాబుని నిలదీశాను.

"నిజం చెప్పు బావా. సెల్లు తడుస్తుందో లేదో నీకు తెలీదా?"

"తెలీపోడానికి నాను అంత ఎర్రోణ్ణేటి?" అన్నాడు మిరపకాయ బజ్జీ ఊదుకుంటూ. "నాకూ మంచి ప్రశ్నలే వస్తాయి. కానీ ముందుగాల మంచిది అడిగితే, రెండోవోడు అంతకంటే మంచిది ఎతుక్కుంటా కూకుంటాడు, నోరిప్పడు. ఎర్రిబాగుల్ది ఒకటి పడీసామనుకో, ఇంక ఎవుడికీ బయం ఉండదు. మాటాడినోళ్ళకి ఎదట ఉలుకూ పలుకూ లేపోతే ఎలాగుంటాదో నాకు తెల్సు. ఒకసారి పెళ్ళికార్డుల గురించి నాను మాటాడినాను కదా, మన మేడ మీదే. ఒక్కడు పలకలేదు. ఇంటికెళ్ళి నూకాల్నే అడగమన్నాను. అన్నం ఎట్టమంటావా అని అడిగింది. అదైనా అడిగింది."

"మరి ఒట్టు?"

"నా ఒట్టు పోతే పోయింది, ఆ అనూరాధ గుంటకి ఒత్తులు దక్కినాయా లేదా?"

ఒట్టు తప్పిన సంగతి నూకాలుకి నేనే చెప్పాను. "నాకేటీ అవలేదు బాబూ. కాసింత జుత్తు రాలింది. అది ముందునించీ రాలతన్నదే," అంది.

తర్వాతి నెల మేడ మీద మాట్లాడే వంతు గుణశేఖర్ గారిదే. ముందు రోజు ఆయన గోపాలపట్నం షాపుకి వచ్చి, అవసరం లేకపోయినా విజిటింగ్ కార్డుల ధర కనుక్కుని, వెళ్ళబోతూ గొంతు తగ్గించాడు.

"తాతబాబు గారూ, రేపు... మీకేమైనా అడగాలనిపిస్తే... మొహమాటపడకండి."

మర్నాడు ఆయన డిజైనర్ల భవిష్యత్తు మీద గ్రాఫులు వేసి గంభీరంగా మాట్లాడాడు. అయిపోయింది. ఎవరూ కదల్లేదు. గుణశేఖర్ గారు చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకుని, వెనక వరస వైపు చూశాడు.

చెయ్యి లేచింది.

"గుణశేఖర్ గారండీ, ఇంతసేపు ఎవులూ అడ్డురాకుండా మాటాడినారు కదా. మీ ఇంట్లో కూడా ఇలాగే మాటాడనిస్తారాండి?"

మూడో వరసలో కూర్చున్న గుణశేఖర్ గారి భార్య అందరికంటే ముందు నవ్వింది. ఆ మడత నలగని మనిషి బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వుతూనే, "లేదండీ, అందుకే ఇక్కడికొచ్చి మాట్లాడుతున్నాను," అన్నాడు.

ఇక చూసుకోండి, గదినిండా చేతులు. మైకు ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కుంటున్నారు. ఆ సందడిలో తాతబాబు చెప్పులు వెతుక్కుని, ఎవరికీ అడ్డం రాకుండా వంగి వంగి నడుచుకుంటూ, కింద టీ కొట్టుకి వెళ్ళిపోయాడు.