ఆకు వీపు

మొక్కల నమూనాలు భద్రపరిచే ఆఫీసులో ఎండిన కొమ్మల్ని అట్టలకు అతికించడమే అక్కయ్య ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో ఆమె అతికించిన ఆకు ఒక్కటీ ముడత పడలేదు. వర్షారణ్యం నుంచి వచ్చిన ఒక చిన్న చెట్టు కొమ్మ మాత్రం పదకొండేళ్లుగా ‘పేరు తెలియదు’ అనే చీటీతోనే పడి ఉంది. భూతద్దాలు పట్టుకుని ఎందరు తలలు బద్దలు కొట్టుకున్నా లాభం లేకపోయింది.

ఓ రోజు అందులో ఒక ఆకు ఊడింది. జిగురు రాయబోతూ తిప్పి చూస్తే, ఈనెలు కలిసేచోటల్లా సూదితో పొడిచినట్టు గుంటలు! అట్ట పట్టుకుని పెద్దసారు గదికి పరుగెత్తింది.

ఆయన ఆ గుంటల ఆనవాలుతో పుస్తకం తిరగేసి చెట్టు పేరు పట్టేశారు. "ఇన్నాళ్లూ ఇవి ఎవరికీ కనపడలేదేంటమ్మా?"

"ఎలా కనపడతాయి సార్? అందంగా ఉండాలని ఆకులన్నీ వెల్లకిలా అతికించింది నేనే కదా!" అని నాలుక కరుచుకుంది. గోడ పొడవునా తను అతికించిన అట్టలతో నిండి ఉన్న బీరువాలవైపు చూసింది.

"వీటిల్లో ఇంకా ఏమేం దాచేశానో!"