పదకొండు కుర్చీలు పదిహేనైన కథ

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో నేను అక్కడి మిష్రిఫ్ పేటలో ఒక విల్లాలో వంటమనిషిని. ఇంట్లో యజమానురాలు, ఆమె భర్త, నేను. అక్కడి అలవాటు ప్రకారం ఆమెను మామా అని, ఆయన్ని బాబా అని పిలిచేదాన్ని. రిటైరైన పెద్దాయన. మూడేళ్లు చాయ్ అందించినా, ఆయన చేసిన ఉద్యోగమేమిటో నేనెప్పుడూ అడగలేదు.

సైనికులు ఇళ్లు సోదా చేస్తున్నారని, సర్కారులో పనిచేసినవాళ్లను పట్టుకుపోతున్నారని పక్కింటి డ్రైవరన్న వచ్చి చెప్పాడు. ఆయనది రాయచోటి. అది విని బాబా రెండు అట్టపెట్టెల కాగితాలు తెచ్చి వంటింట్లో దించారు. అన్నిటి మీదా ప్రభుత్వ ముద్ర. కాల్చేయమన్నారు.

పదో తరగతి తప్పినదాన్ని. అరబ్బీ మాట్లాడతానేగాని చదవలేను. ఏముందో తెలియకుండా కాల్చడానికి చేయి రాలేదు. అడిగాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కో కాగితం చూసి చెప్పి నాకు అందించారు, నేను మంటలో వేశాను.

చిన్న వయసులో ఆయన్ని దేశాలన్నీ చేరే పెద్ద సభకు గుమాస్తాగా పంపారట. యుద్ధాలొస్తే నిర్ణయం చేసే మండలిలో అప్పుడు పదకొండు కుర్చీలే. అందులో ఐదు పెద్ద దేశాలవి, ఎప్పటికీ కదలనివి. కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాలు తమకూ చోటు కావాలని పట్టుబట్టాయి. తీర్మానంలో ఒక్క మాట మార్చడానికి రోజులు పట్టేవట. ఒక కాగితంలో ఎవరు ఎవరితో భోంచేశారో రాసి ఉంది. అదెందుకన్నాను. గదిలో ఒప్పుకోనివాళ్లు భోజనం దగ్గర మెత్తబడేవారన్నారు. వంటమనిషిని కదా, ఆ మాట నచ్చింది. చివరికి నాలుగు కుర్చీలు పెరిగాయి.

"ఆ ఐదుగురినీ ఎవరు ఎన్నుకున్నారు బాబా?"

"ఎవరూ ఎన్నుకోలేదు. పెద్ద యుద్ధం గెలిచి వాళ్లే కూర్చున్నారు."

"మరి మీరు లేవమనలేదా?"

ఆయన ఇంకో కాగితం అందించారు. "లేవాలన్నా వాళ్లే ఒప్పుకోవాలి, బిడ్డా."

ఇండియాకు కుర్చీ ఉందా అంటే, ఓట్లతో గెలిస్తే రెండేళ్లు ఉంటుంది, ఈ ఏడాది లేదన్నారు. సైన్యం వెళ్లిపోవాలని మాత్రం ఐదుగురూ ఈసారి ఒకే మాట అన్నారట.

వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటున్న డ్రైవరన్న నవ్వాడు. "ఈడ్నుంచి బయటపడే బస్సు ఎప్పుడొస్తాదో కనుక్కోకుండా కుర్చీల సంగతి అడుగుతాండావా చెల్లీ?" కాసేపయ్యాక తనే గడపలో కూర్చుని, "ఇంతకీ ఆ ఐదూ ఏ దేశాలంట?" అన్నాడు.

సాయంత్రానికి పెట్టెలు ఖాళీ.

మూడో రోజు సైనికులు వచ్చారు. బీరువాలు తెరిచారు, పరుపులు తిరగేశారు. బాబాను చూపి, ఈయన ఏం పని చేసేవాడని అడిగితే మామా నా వైపు చూసింది. బియ్యం, చాయ్‌పత్తి అమ్మేవాడని నేనే అన్నాను. వాళ్లు రేడియో, ఒక బియ్యం బస్తా పట్టుకుని వెళ్లిపోయారు.

సెప్టెంబరులో డ్రైవరన్నతో కలిసి బస్సెక్కాను. బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ ఎడారిలో శరణార్థుల గుడారాలు. అక్కణ్ణుంచి ఇండియాకు విమానం.

యుద్ధం ముగిశాక మామా మళ్లీ వీసా పంపింది. బాబా బతికే ఉన్నారు, చిక్కి సగమయ్యారు. నేను సంచి దించీ దించకముందే కూర్చోమన్నారు. ఆ గుడారాల్లో ఏయే దేశాలవాళ్లున్నారు, ఏం తిన్నారు, నీళ్ల దగ్గర వంతులు ఎవరు పెట్టారు అని వరసగా అడగసాగారు.