నాలుక చూపించిన రోజు

నా నాలుక మీద మచ్చలుంటాయి. ఎర్రగా, నున్నగా, చుట్టూ తెల్లటి అంచుతో. ఇవాళ ఎడమవైపు ఉన్నవి కొన్నాళ్ళకి కొసకి జరుగుతాయి, తర్వాత మాయమవుతాయి, మళ్ళీ ఇంకెక్కడో తేలతాయి. హైస్కూలు రోజుల నుంచీ ఇదే తంతు. పుట్టింట్లో ఎవరూ పట్టించుకోలేదు. "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అనేది అమ్మ. అదొక నేరమని పెళ్ళై ఢిల్లీ వచ్చాకే తెలిసింది.

తొంభైల మొదట్లో మేం జనక్‌పురిలో ప్రభుత్వం కట్టించిన ఒక డీడీఏ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. అత్తయ్య మాతోనే ఉండేది. వంటగది పూర్తిగా ఆవిడదే. కారం, చింతపండు, టమాటా తగిలితే నా మచ్చలు భగ్గుమనేవి. ఆ మూడింట్లో ఒక్కటైనా లేని కూర ఆ ఇంట్లో నేను చూడలేదు. కొత్తకోడలు తిండికి వంకలు పెడుతోందంటారని మాట్లాడకుండా మింగేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయల మీదికి నెట్టేదాన్ని.

ఢిల్లీలో మా తెలుగువాళ్ళకి మే నెలంటే ఆవకాయ నెల. పుల్లటి కాయ కోసం పొద్దున్నే కూరగాయల మండీకి పరిగెత్తడం, రైల్లో వచ్చేవాళ్ళ చేత నువ్వులనూనె డబ్బా తెప్పించుకోవడం, కాలనీలోని నాలుగు తెలుగిళ్ళ ఆడవాళ్ళూ ఒకరింట్లో చేరి ముక్కలు తుడవడం. ఆ ఏడు మా ఇంట్లో పెట్టారు. "కొత్తకోడలి చెయ్యి ఎలాంటిదో చూద్దాం" అని ఒక ఆంటీ నా చేతే కలిపించింది. నాలుగిళ్ళ జాడీలకీ ఎత్తాక అదే బేసిన్‌లో వేడన్నం, నెయ్యి వేసి, అంచులకంటుకున్న కారమంతా కలిపి తలా ఒక ముద్ద పెడతారు. ఆ ముద్ద వద్దనేవాళ్ళు ఎక్కడా ఉండరు. ఆ వారం నా నాలుక సగానికి పైగా ఎర్రగా ఉంది. నేను వద్దన్నాను.

"ఏం, మా కారం పనికిరాదా?" అంది అత్తయ్య.

"నోరు పూసిందత్తయ్యా."

"ఏదీ, చూపించు."

చూపించాను. నా జన్మలో అంత తెలివితక్కువ పని ఇంకొకటి చెయ్యలేదు. నలుగురూ వంగి చూశారు. ఒక ఆంటీ చేతిలో ముద్దని తిరిగి బేసిన్‌లో పడేసింది. "ఇది అంటుకునేదేమో వదినా, ఈ రోజుల్లో ఎన్నెన్ని వింటున్నాం" అంది ఇంకొకావిడ.

"ఇలాంటి నోరు పెట్టుకుని పచ్చట్లో చెయ్యి పెట్టావా?" అంది అత్తయ్య.

కలిపింది చేత్తోనండీ, నోటితో కాదు అనబోయి ఆగిపోయాను. అనాల్సింది.

మర్నాటి నుంచి నా కంచం వేరు, గ్లాసు వేరు. నేను కూర కలియబెట్టకూడదు, పచ్చళ్ళ దగ్గరికి రాకూడదు. గిన్నెలు తోమడానికి మాత్రం నా రోగం అడ్డురాలేదు.

నేను పోరగా పోరగా మా ఆయన చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పెద్దాయన టార్చి వేసి చూసి నవ్వేశాడు. దీన్ని జియోగ్రాఫిక్ టంగ్ అంటారని, పటంలో దేశాల్లా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరని చెప్పాడు. అంటుకోదు, ప్రమాదం లేదు, ఎందుకొస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు, ఏది మండిస్తే అది మానుకోండి, అంతే అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. బస్సులో మా ఆయనతో, "ఈ మాట అత్తయ్యకి మీరే చెప్పండి, నేను చెబితే నమ్మరు" అన్నాను. "చెప్తాలే" అన్నారు. ఇంటికెళ్ళాక ఆవిడ ఏమన్నాడని అడిగితే, "ఏదో వేడట, పథ్యం చెయ్యమన్నాడు" అని టీవీ పెట్టుకున్నారు. అంటుకోదన్న ఒక్క ముక్క ఆ నోట్లోంచి రాలేదు. నేను చెప్పబోతే, "డాక్టర్లు అన్నిటికీ ఓ ఇంగ్లీషు పేరు పెడతారు" అని అత్తయ్య లేచిపోయింది.

పథ్యం నేనే మొదలుపెట్టాను. టమాటా మానితే మంట తగ్గింది. చింతపండు మానితే ఇంకాస్త తగ్గింది. ఘాటు పళ్ళపేస్టు మార్చాక పొద్దుటి పూట ప్రాణం సుఖంగా ఉంది. అనాసపండు నాకు పడదని ఒక్క ముక్కతోనే అర్థమైంది. అయితే ఉత్త పెరుగన్నం తిన్న వారంలోనూ నాలుక నిండా మచ్చలు లేచేవి, పెళ్ళిభోజనం తిన్నాక ఒక్కటీ లేచేది కాదు. మంట తిండి వల్లే గాని, మచ్చలు తిండి వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. ఆ తేడా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. మచ్చలొస్తే చాటుగా ఏదో తిన్నానట, తగ్గితే అంతా నాటకమట.

వానలు పడ్డాక జాడీ మూత తీస్తే పైన బూజు కట్టి ఉంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఆఫీసు బస్సుకి టైమైపోతోందని కడిగిన చెంచాని తుడవకుండా జాడీలో ముంచింది మా ఆయన. నేను చూశాను, వద్దని కూడా అన్నాను. అత్తయ్య నావైపు తిరిగి, "నేనప్పుడే అనుకున్నాను" అంది. ఆయన పక్కనే కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. నేను కలిపిన పచ్చడే మిగతా మూడిళ్ళ జాడీల్లోనూ ఉంది, అక్కడ బూజు లేదు. ఆ సంగతి అంటే ఎదురు చెబుతోందన్నారు. తర్వాతి ఏడాది నుంచీ ఆవకాయ పెట్టే రోజున నాకు బజారులో ఏదో ఒక పని పుట్టుకొచ్చేది.

ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి మా పాపకి నాలుగేళ్ళు. ఒక మధ్యాహ్నం నానమ్మ చారన్నం తినిపిస్తుంటే ముద్ద ఊసేసి నాలుక చాపింది.

"నానమ్మా, దేఖో, జల్ రహా హై. మంట."

గుమ్మం దగ్గర నుంచే కనిపించాయి. ఎర్రటి మచ్చలు, తెల్లటి అంచు, అచ్చం నావే. దీనికి కూడా కంచం వేరు చేస్తారనుకున్నాను. నా విషయంలో పడ్డాను గాని దీని విషయంలో పడేది లేదని, గొడవకి సిద్ధమై గదిలోకి వెళ్ళాను.

అత్తయ్య నవ్వుతోంది. "ఓసి పిచ్చిదానా, దీనికే ఏడుస్తావా? మా నాన్నకీ ఇలాగే ఉండేది. వస్తుంది, పోతుంది. పెరుగన్నం తిందువుగానిలే." కొంగుతో పాప మూతి తుడిచి, అది కొరికి వదిలేసిన ముద్దని తన నోట్లో వేసుకుంది.

"ఇదేంటో మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"తెలీకపోవడమేంటి, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదేగా."

"మరి నాకొచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ నావైపు వింతగా చూసింది. తడబాటు లేదు, కోపం కూడా లేదు.

"మా నాన్న సంగతి నాకు తెలుసు. ఎవరింటి పిల్లవో, నీకేముందో నాకేం తెలుసు? నించున్నావేం, పెరుగు తే."

తెచ్చిచ్చాను. పాప తినాలి కదా.