మధ్యాహ్నం దాటిన ధ్యానం

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తే అయితే జ్వరం, లేకపోతే ప్రార్థన అనుకునేవాళ్లు. మూడో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచేది కాదు. అడవి కొట్టిన నేల మీద కొత్తగా ఇళ్లు వేసుకుంటూ, ఓడ ఎప్పుడొస్తుందో, అందులో ఉల్లిపాయలు ఉంటాయో లేదో చూసుకునే జనానికి, మనసు ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టే తీరిక ఎక్కడిది? ఇరవై రెండేళ్ల వయసులో ఆ పని నా మెడకు చుట్టుకుంది. చుట్టింది నా కోపమే. హార్బరు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలోనే బస్సు కండక్టరుతో, క్యాంటీన్ వాడితో, చివరికి గోడ గడియారంతో కూడా (అది వెనకబడుతోందని) దెబ్బలాడాను. ఒకరోజు ఆఫీసరుగారు తప్పు చూపించిన ఫైలును ఆయన బల్ల మీదే విసిరికొట్టాను. ఉద్యోగం పోవలసిందే. మా హెడ్‌క్లర్కు అడ్డుపడి, కుర్రాడికి ఒంట్లో బాగాలేదని చెప్పి కాపాడారు.

ఆయన బర్మాలో పుట్టిన తెలుగాయన. అక్కడి నుంచి అందరూ వచ్చేస్తున్నప్పుడు ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఆఫీసులో అందరికీ రంగూన్ మామయ్య. సాయంత్రం నన్ను మెట్ల దగ్గర ఆపి, "సూడు అల్లుడూ, ఒంట్లో బాగానేదని నేను అబద్ధం సెప్పినాను. నువ్వు దాన్ని నిజం సెయ్యకు. నాతో వొచ్చి కాసేపు కూకో, అంతే" అన్నారు. ప్రోతరాపూర్‌లో బర్మా కుటుంబాలవాళ్లు కట్టుకున్న రేకుల కప్పు చెక్క ఇంట్లో ఒక ముసలి బౌద్ధ భిక్షువు ఉండేవారు. అందరూ ఆయన్ని బంతేజీ అని పిలిచేవాళ్లు. నేర్పింది ఒక్కటే: నిటారుగా కూర్చోవాలి, ఊపిరి వస్తే వస్తోందని, పోతే పోతోందని గమనించాలి. ఇంతేనా అనుకున్నాను. రెండు సార్లు వెళ్లొచ్చేసరికి నాకు సగం జ్ఞానం వచ్చేసిందని నమ్మకం కుదిరింది. ఇంట్లో మెల్లగా నడవడం, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాను. అమ్మ గిన్నెలు తోముతుంటే, "అమ్మా, శబ్దం మనసును చెదరగొడుతుంది" అన్నాను. అమ్మ నా వైపు చూసి, "అయితే నువ్వే తోము, నిశ్శబ్దంగా" అంది.

బతు బస్తీలో మాది ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్లి ముందు వరుసలో కూర్చునే కుటుంబం. నేను ఎక్కడికి వెళ్తున్నానో అమ్మకు చెప్పలేదు. అలాంటి సమయంలో మామయ్య, "ఈ శనివారం బంతేజీకి భోజనం నీ సేతి మీదుగా పెడదాం. కొత్తోళ్లకి అది పెద్ద గౌరవం. పన్నెండు దాటితే మాత్రం ఆయన ముట్టరు, మళ్లీ తెల్లారాకే" అన్నారు. అమ్మతో మాత్రం, ఎవరూ లేని ఒక పెద్దాయనకు భోజనం పట్టుకెళ్లాలని చెప్పాను (అబద్ధం కాదు, నిజంలో ఒక ముక్క). అమ్మ తెల్లవారకముందే లేచి సుర్మయి చేపల పులుసు పెట్టి, క్యారేజీ కట్టి, "ఏడిగా తినమను" అని నా చేతికిచ్చింది.

భోజనానికి ముందు అందరం ధ్యానానికి కూర్చున్నాం. కాసేపటికి నా కాళ్లు తిమ్మిరెక్కాయి. ఇంకాసేపటికి అవి నావి కాకుండా పోయాయి. గంట మోగింది, అందరూ లేచారు. నేను లేవబోతే నడుము కింద ఏమీ లేనట్టుంది. లేస్తే ముందున్న పూలపళ్లెం మీద బోర్లా పడతాను. తిమ్మిరి తగ్గేదాకా కళ్లు మూసుకునే ఉందామనుకున్నాను. అదే నా కొంప ముంచింది. వెనక ఒక దీదీ, "దేఖో, పిల్లోడు ఎంత గహరా ధ్యానంలో ఉన్నాడో" అని మెల్లగా అంది. ఇంకెవరో, "కదపకండి భయ్యా, అన్నం పెట్టేది కూడా ఈయనే కదా, కాసేపు రుకుదాం" అన్నారు. తిమ్మిరి ఎప్పుడో తగ్గింది, చెప్పొద్దూ. కానీ ఆ మాటలు విన్నాక వెన్నెముక ఇంకాస్త నిటారయింది. ముఖానికి తగిన ప్రశాంతత కూడా తగిలించాను. ఇంకొక్కసారి ఎవరైనా మెచ్చుకుంటే లేద్దామని ఎదురుచూస్తూ, చూస్తూ, నిద్రపోయాను.

నన్ను లేపింది నా గురకే. కళ్లు తెరిస్తే గది నిండా మనుషులు, అందరూ నన్నే చూస్తున్నారు. మూత తియ్యని క్యారేజీ నా పక్కనే ఉంది. మామయ్య గోడ గడియారం వైపు చూస్తున్నారు. పన్నెండు దాటిపోయింది. ధ్యానం అని నన్ను కదపనివాళ్లకు, అది గురక అని తెలిసేసరికి ఆలస్యమైపోయిందట. నేను క్యారేజీ అందుకుని, "తీసుకోండి, ఇప్పుడే కదా దాటింది" అని ఏదో గొణిగాను. బంతేజీ చేత్తో వద్దని, ఇక తెల్లారేదాకా ఇదే అన్నట్టు తన ముందున్న పాలు లేని టీ గిన్నె చూపించి, నా ముఖంలోకి చూస్తూ, "నీంద్ అచ్ఛీ థీ?" అన్నారు. నిద్ర బాగా పట్టిందా అని. వెక్కిరింత లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. ఆయన తిట్టి ఉంటే తిరిగి కోప్పడి ఒడ్డున పడేవాణ్ని. నేల చూస్తూ బయటికొచ్చాను.

ఇంట్లో అమ్మ క్యారేజీ ఎత్తి చూసి, బరువు చూసి, "ఏట్రా, ఆయన తిన్నేదా? పులుసు బాగానేదా?" అంది. ఆ మాటకి నా దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. బంతేజీ, ఊపిరి, తిమ్మిరి, గురక, అన్నీ చెప్పేశాను. మతం సంగతి ఎత్తుతుందని తల వంచుకుని నిలబడ్డాను. అమ్మ క్యారేజీ మూత తీసి, ఎవరూ ముట్టని పులుసు చూసింది. "నా వంట ఎదురుగా పెట్టుకుని ఒక ముసలాయన పస్తున్నాడన్నమాట" అని లేచి పొయ్యి దగ్గరకు వెళ్లింది.

మర్నాడు ఆదివారం. ఆరాధన చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, మొదటి బస్సులో నన్ను ప్రోతరాపూర్ లాక్కెళ్లింది. బంతేజీ ముందు తలమీద కొంగు సర్దుకుని, "మా లడకా నిన్న నిదరపోనాడు, మాఫ్ కరో" అంది, తనకొచ్చిన హిందీలో. క్యారేజీ నా చేతుల్లో పెట్టి ఆయన పాత్రలో నాచేతనే వడ్డింపజేసింది. ఆయన పులుసు అన్నం నెమ్మదిగా తిన్నారు. తింటున్నంతసేపూ అమ్మ తలుపు దగ్గర నిలబడి, ముళ్లు ఉంటాయేమోనని ఆయన చేతినే చూస్తూ ఉంది. తిరుగు బస్సులో, "ఇంతకీ ఆయన నీకేటి నేర్పతన్నారు?" అంది.

"ఊపిరి తీసుకోవడం, వదలడం."

"పుట్టినకాడి నుంచి నువ్వు సేస్తన్న పనేగా" అని కిటికీ వైపు తిరిగింది. ఆ రోజు మేం ఆరాధనకు ఆలస్యంగా వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాం. ఎందుకని ఎవరడిగినా అమ్మ తప్పు బస్సు మీదకే నెట్టేసింది.

ఇప్పుడు గరాచర్మలో మా ఇంటి వసారాలో ధ్యానానికి కుర్చీ వేసుకునే కూర్చుంటాను, కింద కూర్చుంటే మోకాళ్లు ఊరుకోవు. ఇన్నేళ్లయినా ఊపిరి కంటే ముందు ఆ కుర్రాడే గుర్తొస్తాడు. కళ్లు మూసుకుని, చెవులు రెండూ పొగడ్త కోసం తెరిచిపెట్టుకుని, కర్రలా కూర్చున్నవాడు. సిగ్గుతో నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. కానీ వాడి పక్కకు వెళ్లి భుజం తట్టి, "కాళ్లు చాపుకో నాయనా, ఎవరూ ఏమీ అనుకోరు" అని చెప్పాలనిపిస్తుంది.